నది దిగువకు, జట్టు ఎగువకు

వూస్టర్ నుంచి దక్షిణంగా 146వ నంబరు రోడ్డు పట్టుకుంటే బ్లాక్‌స్టోన్ నది కాసేపు పక్కనే వస్తుంది, కాసేపు చెట్ల వెనక్కి తప్పుకుంటుంది. దారిలో మిల్‌బరీ, అక్స్‌బ్రిడ్జ్, కాస్త పక్కకు ఊన్‌సాకెట్. ఏ ఊరు చూసినా నది ఒడ్డున ఎర్ర ఇటుకల పాత మిల్లు ఒకటి నిలబడి ఉంటుంది. కొన్నిటిని అపార్ట్‌మెంట్లుగా మార్చేశారు. కొన్నిటికి కిటికీలకు చెక్కలు కొట్టి వదిలేశారు. వూస్టర్‌లో మొదలైన ఈ నది 48 మైళ్లు ప్రవహించి రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని పటకెట్ దగ్గర సముద్రపు పోటు నీళ్లలో కలుస్తుంది. నది ఈ ఊరి నుంచి ఆ ఊరికి దిగితే, ఒక బేస్‌బాల్ జట్టు మాత్రం ఆ ఊరి నుంచి ఈ ఊరికి ఎక్కి వచ్చేసింది. ఆ జట్టు వదిలిపెట్టిన మైదానాన్ని చూడాలన్నదే నా ప్రయాణం.

అది 2024 సెప్టెంబరు. ముందురోజు రాత్రి వూస్టర్‌లోని పోలార్ పార్కులో మా మేనల్లుడు మ్యాచ్ చూపించాడు. ఊరంతా నవ్వు ముఖం బొమ్మలే. పసుపుపచ్చ గుండ్రని ఆ నవ్వు ముఖాన్ని 1963లో గీసిన హార్వీ బాల్ ఈ ఊరివాడు కాబట్టి జట్టు చిహ్నంలోనూ దాన్నే పెట్టుకున్నారు. కొత్త స్టేడియం, కొత్త కుర్చీలు, పిల్లల కేకలు, అన్నీ బాగున్నాయి. "రేపు పటకెట్ పోదాం" అంటే వాడు ఆశ్చర్యపోయాడు.

"అక్కడ టీమే లేదు కదా మామయ్యా! తాళం వేసిన స్టేడియం. చూడ్డానికేముంది?"

"అందుకేరా, అది ఉండగానే ఒకసారి చూసొద్దాం."

పడగొడతారన్న మాట అప్పటికే ఖాయమైంది.

మైనర్ లీగ్ అంటే ఏమిటో ఒక్క మాట చెప్పాలి, లేకపోతే ఈ కథలో బాధ ఎక్కడుందో అర్థం కాదు. బోస్టన్ రెడ్ సాక్స్ లాంటి పెద్ద క్లబ్బు ఒక్కోదానికీ కింద మెట్లు మెట్లుగా చిన్న జట్లుంటాయి. అన్నిటికన్నా పై మెట్టు ట్రిపుల్ ఏ. ఆటగాళ్లకు జీతాలిచ్చేది, ఎవరు ఎక్కడ ఆడాలో తేల్చేది పెద్ద క్లబ్బు. మైదానం నడపడం, టిక్కెట్లు, తినుబండారాలు అమ్ముకోవడం స్థానిక యజమాని పని. అంటే ఆ ఊరివాళ్లు ఏ కుర్రాణ్ణయితే ముద్దు చేసి నెత్తిన పెట్టుకుంటారో, వాడు బాగా ఆడడం మొదలుపెట్టగానే ఒక ఫోను వస్తుంది, మర్నాటికి వాడు ఉండడు. ఇక్కడ మిగిలేది ఇంకా పైకి వెళ్లనివాళ్లు, వెళ్లి తిరిగొచ్చినవాళ్లు, ఎప్పటికీ వెళ్లలేనివాళ్లు. అది తెలిసి కూడా సీజనంతా టిక్కెట్లు కొనుక్కుని వచ్చే ఊళ్లు అమెరికాలో చాలా ఉన్నాయి. పటకెట్ అలాంటి ఊరు. 75 వేల జనాభా.

ఊళ్లోకి దిగగానే ముందు కనబడేది స్లేటర్ మిల్లు. పసుపు రంగు చెక్క భవనం, నెత్తిమీద చిన్న గంట గోపురం, పక్కనే ఆనకట్ట మీంచి దూకే నీళ్ల హోరు. ఇంగ్లండులోని డెర్బీషైర్‌లో జెడెడయా స్ట్రట్ దగ్గర పని నేర్చుకున్న శామ్యూల్ స్లేటర్ 1789లో ఓడెక్కి ఇక్కడికొచ్చాడు. నూలు వడికే యంత్రాల నమూనాలు దేశం దాటకూడదని అప్పటి ఇంగ్లండు చట్టం. అందుకని ఆయన కాగితం ముక్క కూడా పట్టుకురాలేదు, యంత్రాన్నంతా బుర్రలో పెట్టుకొచ్చాడు. 1793లో ఈ మిల్లు లేచింది. అమెరికా పారిశ్రామిక విప్లవం ఇక్కడ మొదలైందని బోర్డు గర్వంగానే చెబుతుంది. మొదటి కూలీలు ఏడు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలన్న సంగతి కూడా మర్చిపోకూడదు. తర్వాత ఈ లోయ పొడవునా మిల్లులు వెలిశాయి. 1828 నాటికి వూస్టర్ దాకా కాలువ తవ్వారు, ఇరవై ఏళ్లకే రైలు వచ్చి ఆ కాలువను మూయించింది. ఇరవయ్యో శతాబ్దంలో నూలు పరిశ్రమ చవక కూలీ వెతుక్కుంటూ దక్షిణాది రాష్ట్రాలకు తరలిపోయింది. ఒకసారి తరలింపు చూసిన ఊరు ఇది. రెండోసారి చూడడం వేరే కష్టం.

ఈ ఊళ్లో 1946లో వచ్చిన బేస్‌బాల్ జట్టు పేరు కూడా స్లేటర్స్. బోస్టన్ బ్రేవ్స్‌కు అనుబంధంగా నాలుగేళ్లు ఆడి, లీగే మూతపడడంతో పోయింది. ఆ జట్టు ఆడింది మెకాయ్ స్టేడియంలోనే.

మెకాయ్ స్టేడియం స్లేటర్ మిల్లు నుంచి కారులో కొద్ది నిమిషాల దూరం, చుట్టూ మామూలు ఇళ్లు. 1930లలో మేయరుగా ఉన్న థామస్ మెకాయ్ ఇక్కడున్న చిత్తడి గుంటను పూడ్చి స్టేడియం కట్టిస్తానన్నాడు. ప్రభుత్వ ఉపాధి పథకం డబ్బు, ఊరి డబ్బు కలిపి పోస్తే నేల మింగుతూనే పోయింది. ఖర్చు అప్పట్లోనే పది లక్షల డాలర్లు దాటింది. ప్రత్యర్థులు దాన్ని మెకాయ్ పిచ్చి అని ఎత్తిపొడిచారు. 1942లో ఆట మొదలైంది. మెకాయ్ 1945లో చనిపోయాక ఆయన పేరే పెట్టారు. ఎత్తిపొడుపులు పోయాయి, పేరు నిలిచింది.

గేటుకు తాళం. కంచె సందుల్లోంచి చూస్తే ఫ్లడ్‌లైట్ల స్తంభాలు, ఖాళీ స్టాండ్స్, ఒకప్పుడు దువ్వినట్టు ఉండే పచ్చికలో మోకాలెత్తు పిచ్చిమొక్కలు. మా మేనల్లుడు అటూ ఇటూ తిరిగి వచ్చి వీధి పేరు బోర్డు చూపించాడు. బెన్ మాండర్ వే. ఈ జట్టును నిలబెట్టిన యజమాని పేరు. ఆ పేరు కోసమే నేను వచ్చానని చెప్పినా తప్పు కాదు.

కుక్కను తిప్పుతూ వచ్చిన ఒక పెద్దాయన మమ్మల్ని చూసి ఆగాడు. ఎక్కణ్ణుంచి వచ్చారని అడిగి, ఇండియా అనగానే నవ్వి, ఈ స్టేడియంలో డగౌట్లు ఎక్కడుండేవో తెలుసా అన్నాడు. చాలా స్టేడియాల్లో ఆటగాళ్లు కూర్చునే డగౌట్ ముందుకు ఉంటుంది, ప్రేక్షకులు దాని వెనక కూర్చుంటారు. ఇక్కడ స్టాండ్స్‌కు సరిగ్గా అడుగున ఉండేవి. పైన ఉన్న పిల్లలకు ఆటగాళ్ల తలలు కూడా కనిపించవు, ఆటోగ్రాఫ్ అడగాలంటే చెయ్యి అందదు. అందుకని పిల్లలు చేపలు పట్టడం మొదలుపెట్టారు. పాల ప్లాస్టిక్ డబ్బా ఒకటి తీసుకుని పక్కన పెద్ద కంత కోసి, అందులో ఒక బంతి, ఒక పెన్ను వేసి, పిడికి తాడు కట్టి రెయిలింగ్ మీంచి కిందకు వదిలేవాళ్లు. డబ్బా డగౌట్ నోటి దగ్గర ఊగుతూ ఉండేది. లోపలి నుంచి ఒక చెయ్యి వచ్చి బంతి తీసుకునేది. కాసేపటికి తాడు రెండుసార్లు కదిలేది. ఆ కదలిక ఎలా ఉండేదో ఆయన తన చేత్తో లాగి చూపించాడు, బొటనవేలు, చూపుడువేలు మధ్య తాడు ఉన్నట్టే. పైకి లాగి చూస్తే బంతి మీద సంతకం. ఎవరిదో అప్పటికి తెలియకపోవచ్చు. పదేళ్ల తర్వాత తెలుస్తుంది. జిమ్ రైస్, ఫ్రెడ్ లిన్, రోజర్ క్లెమెన్స్, నొమార్ గార్సియాపారా, మూకీ బెట్స్, వీళ్లందరూ బోస్టన్ వెళ్లే ముందు ఈ అడుగునే కూర్చున్నారు.

బోస్టన్ రెడ్ సాక్స్ తన జట్టును 1970లో ఇక్కడికి తెచ్చింది, 1973లో దాని స్థానంలో ట్రిపుల్ ఏ జట్టును పెట్టింది. మొదటి కొన్నేళ్లు నడక బాగాలేదు. యజమానులు మారారు, 1976 సీజను ముగిసేసరికి జట్టు దివాలా తీసింది. స్టేడియం పాడుబడింది. జనం కుటుంబంతో రావడానికి జంకే చోటు అయింది. అప్పుడు బెన్ మాండర్ వచ్చాడు. క్విబెక్‌లో పుట్టి, మేము దారిలో పక్కన పెట్టి వచ్చిన ఊన్‌సాకెట్‌లో పెరిగిన ఫ్రెంచ్ కెనడియన్. మూతపడ్డ నూలు మిల్లులు కొని నిలబెట్టడమే ఆయన వ్యాపారం. యాభై ఏళ్లు దాటి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి ఒప్పించి 1977లో ఈ జట్టును అప్పగించారు. మిల్లును బాగుచేసినట్టే దీన్నీ బాగుచేశాడు. ముందు చీపురు పట్టించాడు, మరుగుదొడ్లు శుభ్రం చేయించాడు, టిక్కెట్టు ధర కార్మికుడి జేబుకు అందేటట్టు ఉంచాడు. మైక్ టాంబురో అనే కుర్రాణ్ణి జనరల్ మేనేజరుగా పెట్టుకున్నాడు, ఆయన చివరిదాకా ఉన్నాడు. ఆట ఉన్న రోజుల్లో మాండర్ స్టాండ్స్‌లో తిరుగుతూ వచ్చినవాళ్లను పలకరించేవాడట. మొదటి ఏడాది 70 వేల మంది వచ్చిన చోటికి 2005లో 6 లక్షల 88 వేల మంది వచ్చారు. 2010లో ఆయన పోయేదాకా జట్టు ఆయనదే. డబ్బున్నవాడు ఊరికి ఏం చేయగలడని ఎవరైనా అడిగితే నేను ఈయన పేరు చెబుతాను.

ఇక ఈ మైదానానికి పేరు తెచ్చిన రాత్రి సంగతి.

1981 ఏప్రిల్ 18, శనివారం, తెల్లవారితే ఈస్టర్. పటకెట్‌కూ న్యూయార్క్ రాష్ట్రంలోని రాచెస్టర్ రెడ్ వింగ్స్‌కూ ఆట. లైట్లు మొరాయించి అరగంట ఆలస్యంగా, రాత్రి ఎనిమిదికి మొదలైంది. 1,740 మంది వచ్చారు. ఎముకలు కొరికే చలి, బయటికి పోవాల్సిన బంతిని లోపలికి తోసేసే ఎదురుగాలి. బేస్‌బాల్‌లో తొమ్మిది ఇన్నింగ్స్‌కు ఆట తేలాలి. తేలకపోతే తేలేదాకా ఇన్నింగ్స్ పెంచుతూ పోవాలి, డ్రా అన్నది లేదు. తొమ్మిదికి 1-1. పది, పదకొండు, పదిహేను, ఇరవై. అర్ధరాత్రి దాటి 12:50 అయ్యాక కొత్త ఇన్నింగ్స్ మొదలుపెట్టకూడదని లీగ్ నిబంధన ఉంది. కానీ ఆ ఏడాది అంపైర్ల చేతికొచ్చిన పుస్తకంలో ఆ వాక్యం లేదు. లేని నిబంధనను ఎలా పాటించమంటారని అంపైర్లు ఆట కొనసాగించారు.

21వ ఇన్నింగ్స్‌లో రాచెస్టర్ ఒక పరుగు తీసింది. హమ్మయ్య, ఇళ్లకు పోవచ్చని అందరూ అనుకునే వేళ పటకెట్ తరఫున వేడ్ బాగ్స్ డబుల్, అంటే రెండో బేస్ దాకా చేర్చే దెబ్బ, కొట్టి మళ్లీ సమం చేశాడు. సొంత జట్టువాళ్లకే సంతోషపడాలో ఏడవాలో తెలియలేదు. పటకెట్ మేనేజర్ జో మోర్గన్‌ను 22వ ఇన్నింగ్స్‌లో అంపైర్ బయటికి పంపేశాడు. ఆయన ఒక కంతలోంచి మిగతా ఆట చూశాడు. విరిగిన బ్యాట్లను ఇనప పీపాలో వేసి మంట పెట్టుకుని ఆటగాళ్లు చేతులు కాచుకున్నారు. లూయిస్ అపాంటే అనే పిచర్, అంటే బంతి విసిరేవాడు, తన వంతు ముగించుకుని తెల్లవారుజామున ఇంటికి పోతే, ఇంతసేపూ ఆట ఆడుతున్నానంటే భార్య నమ్మలేదు. రాచెస్టర్ పిచర్ జిమ్ అంబార్గర్ పది ఇన్నింగ్స్ వేసి ఒక్క పరుగూ ఇవ్వలేదు. అదే జట్టులో డాలస్ విలియమ్స్ పదమూడుసార్లు బ్యాటింగుకు దిగి ఒక్క హిట్టూ కొట్టలేకపోయాడు. వాళ్లలో ఒక్కరూ ఆడడం మానలేదు. ఈ ఆట మొత్తంలో నన్ను పట్టి లాగేది అదే. పైనున్న పెద్ద క్లబ్బు ఈ రాత్రిని లెక్కలోకి తీసుకోదని తెలుసు, చూసేవాళ్లు లేరని తెలుసు, అయినా ప్రతి బంతికీ పరిగెత్తారు.

లీగ్ అధ్యక్షుడు హెరాల్డ్ కూపర్ ఎట్టకేలకు ఫోనులో దొరికి, నడుస్తున్న ఇన్నింగ్స్ అయ్యాక ఆపేయమన్నాడు. 32 ఇన్నింగ్స్, 2-2, ఉదయం 4:07. స్టాండ్స్‌లో మిగిలినవాళ్లు 19 మంది. వాళ్లందరికీ మాండర్ సీజన్ పాసులు ఇచ్చాడు.

మిగిలిన ఆట జూన్ 23న. అప్పటికి పెద్ద లీగుల ఆటగాళ్లు సమ్మెలో ఉన్నారు. దేశంలో చూడ్డానికి పెద్ద లీగు ఆటలు లేక పత్రికలవాళ్లంతా ఈ చిన్న ఊరికి దిగారు. 5,746 మంది ప్రేక్షకులు. 33వ ఇన్నింగ్స్ 18 నిమిషాల్లో అయిపోయింది. మూడు బేస్‌ల మీదా పటకెట్ ఆటగాళ్లు నిలబడి ఉండగా డేవ్ కోజా ఎడమవైపు బంతిని కొట్టాడు, మార్టీ బారెట్ పరుగు తీసి వచ్చాడు, 3-2. మొత్తం 8 గంటల 25 నిమిషాలు. వృత్తి బేస్‌బాల్ చరిత్రలో అంతకన్నా పొడవైన ఆట లేదు.

ఆ రాత్రి ఇటు మూడో బేస్‌లో ఉన్న వేడ్ బాగ్స్, అటు మూడో బేస్‌లో ఉన్న కాల్ రిప్కెన్ ఇద్దరూ కూపర్స్‌టౌన్‌లోని బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరారు. రిప్కెన్ ఆ తర్వాత పెద్ద లీగులో ఒక్కటీ మానకుండా వరసగా 2,632 ఆటలు ఆడాడు. ఆట గెలిపించిన డేవ్ కోజా, ఆ రాత్రి పద్నాలుగుసార్లు దిగి ఐదు హిట్లు కొట్టిన కోజా, పెద్ద లీగులో ఒక్క ఆట కూడా ఆడలేదు. బోస్టన్‌లో అతని పేరు చెబితే చాలామందికి తెలియకపోవచ్చు. ఇక్కడ కుక్కను తిప్పుతున్న పెద్దాయనకు తెలుసు. ఆ పేరు నేనెత్తగానే ఆయన ముఖం విప్పారింది. మైనర్ లీగ్ జట్టు ఒక ఊరికి ఇచ్చేది ఇదే. పెద్ద లీగు లెక్కలో లేని మనిషికి ఇక్కడ చోటుంటుంది.

మరి ఎలా పోగొట్టుకున్నారు? మాండర్ పోయాక 2015లో జట్టును ఒక కొత్త బృందానికి అమ్మారు. బోస్టన్ రెడ్ సాక్స్ అధ్యక్షుడిగా పనిచేసిన లారీ లూకీనో, న్యాయవాది జేమ్స్ స్కెఫింగ్టన్ అందులో ముఖ్యులు. వాళ్లు ముందు రాష్ట్ర రాజధాని ప్రావిడెన్స్‌లో కొత్త స్టేడియం కావాలన్నారు. కొన్ని నెలలకే స్కెఫింగ్టన్ చనిపోయాడు, ఆ ఆలోచన ఆగిపోయింది. తర్వాత పటకెట్‌లోనే, స్లేటర్ మిల్లుకు దగ్గర్లోనే కడదామన్నారు. 8 కోట్ల 30 లక్షల డాలర్ల పథకం. అందులో 4 కోట్ల 50 లక్షలు జట్టు, 2 కోట్ల 30 లక్షలు రాష్ట్రం, ఒకటిన్నర కోట్లు ఊరు పెట్టుకోవాలి. రాష్ట్ర సెనేట్ ఒప్పుకుంది. ప్రతినిధుల సభ దగ్గర బండి ఆగింది.

ఎందుకు ఆగిందో తెలియాలంటే ఇంకో కథ తెలియాలి. 2004లో బోస్టన్ రెడ్ సాక్స్ 86 ఏళ్ల తర్వాత ఛాంపియన్ అయినప్పుడు అందులో పెద్ద పేరున్న పిచర్ కర్ట్ షిల్లింగ్. ఆయన తర్వాత 38 స్టూడియోస్ అని వీడియో గేముల కంపెనీ పెట్టాడు. 2010లో రోడ్ ఐలండ్ రాష్ట్రం ఏడున్నర కోట్ల డాలర్ల అప్పుకు పూచీ పడి ఆ కంపెనీని తన దగ్గరికి రప్పించుకుంది. రెండేళ్లలో అది దివాలా తీసింది. భారం పన్ను కట్టేవాళ్ల మీద పడింది. ఆ దెబ్బ తిన్న జనం బేస్‌బాల్ పేరు చెప్పి మళ్లీ డబ్బడిగితే ఒప్పుకోలేదు. 2018 జూన్‌లో ప్రతినిధుల సభ స్టేడియం అప్పుకు రాష్ట్రం పూచీని తీసేసి బిల్లును సవరించింది. పూచీ లేకపోతే వడ్డీ పెరుగుతుంది. ఆ ఆగస్టు 17న జట్టు వూస్టర్ పోతున్నట్టు ప్రకటించింది.

జనం భయం న్యాయమైనదే. కోటీశ్వరుల స్టేడియాలకు పేదల పన్నులు ఎందుకని అడగడం నేరం కాదు. కానీ షిల్లింగ్ కంపెనీ చేసిన అప్పుకు మూల్యం చెల్లించింది ఎవరు? తాడు కట్టిన పాలడబ్బాలతో రెయిలింగ్ మీదకు వంగిన పిల్లలు. చవక టిక్కెట్టుతో వేసవి సాయంత్రం గడుపుకునే కుటుంబాలు. నాకు ఆ లెక్క ఎంత ఆలోచించినా సరిపడదు. వూస్టర్ మాత్రం ధైర్యం చేసింది. పోలార్ పార్కు పూర్తయ్యేసరికి ఖర్చు దాదాపు 16 కోట్ల డాలర్లయింది.

2020 పటకెట్‌లో ఆఖరి సీజను కావాలి. కోవిడ్ వచ్చి మైనర్ లీగులన్నీ ఆ ఏడాది మొత్తం రద్దయ్యాయి. వీడ్కోలు ఆట ఆడకుండానే జట్టు వెళ్లిపోయింది. ఆ వేసవి మైదానం మీద బల్లలు వేసి భోజనాలు పెడితే, జనం టిక్కెట్లు తీసుకుని వచ్చి ఆ పచ్చిక మీద కూర్చుని తిన్నారు. తర్వాత స్టేడియాన్ని కోవిడ్ పరీక్షల కేంద్రం చేశారు. 2021లో పెద్ద లీగు తన అనుబంధ జట్లను 160 నుంచి 120కి కుదించింది. బోస్టన్‌కు ఉత్తరాన మరో మిల్లుల ఊరు లోవెల్. అక్కడి రెడ్ సాక్స్ అనుబంధ జట్టు పేరు స్పిన్నర్స్, నూలు వడికేవాళ్ల పేరు. అది ఆ కోతలో పోయింది. పటకెట్ జట్టుకు కనీసం వేరే ఊళ్లో బతుకు దొరికింది.

మేము చూసి వచ్చాక 2025లో మెకాయ్‌ను పడగొట్టడం మొదలుపెట్టారు. ఊళ్లోని రెండు హైస్కూళ్లు కలిపి అక్కడ ఒక పెద్ద బడి కడుతున్నారు. అదే ఏడాది నది ఒడ్డున ప్రజాధనం తోడుగా సాకర్ స్టేడియం తెరిచారు, రోడ్ ఐలండ్ ఎఫ్‌సీ అక్కడ ఆడుతోంది. ఊరికి మళ్లీ ఒక జట్టు వచ్చినందుకు సంతోషమే.

అయితే ఆ 33 ఇన్నింగ్స్ ఆట లాంటిది మళ్లీ రావడం కష్టం. మైనర్ లీగుల్లో 2018లో ఒక కొత్త నిబంధన వచ్చింది. తొమ్మిది ఇన్నింగ్స్‌కు ఆట తేలకపోతే, పదో ఇన్నింగ్స్ నుంచి ప్రతిసారీ రెండో బేస్ మీద ఒక ఆటగాణ్ణి ముందే నిలబెట్టి మొదలుపెడతారు. పరుగు తొందరగా వస్తుంది, పిచర్లు అలిసిపోరు, జనం వేళకు ఇళ్లకు పోతారు. ఆ నిబంధన ఉన్నన్నాళ్లూ అక్కడ ఏ ఆటా 33 ఇన్నింగ్స్ దాకా సాగే అవకాశం దాదాపు లేదు. రికార్డు పుస్తకంలో ఆ వరస పటకెట్ పేరు మీదే ఉంటుంది, గెలుపు పరుగు తెచ్చిన హిట్టు డేవ్ కోజా పేరు మీదే ఉంటుంది.